పాత గల్లీల్లో గొళ్ళేలు, కమ్మీలు, దీపాల కొక్కేలు: వాటి వయసు గుర్తుపట్టడం ఎలా

గిర్మాజీపేటలో మా మేనమామ వాళ్ళ పాత భవంతి కూలగొట్టినప్పుడు నేను ఊళ్ళో లేను. వారం తర్వాత వెళ్ళేసరికి ఖాళీ జాగా, మట్టి కుప్పలు మిగిలాయి. దర్వాజ కలప ఎవరో కొనుక్కుపోయారు. ఇనుము, ఇత్తడి తూకానికి పోయాయి. నాలుగు రోజులు తిరిగితే ఒక పాత సామాన్ల దుకాణంలో తలుపు గొలుసు ఒక్కటి కనిపించింది. దాన్నీ తూకానికే కొన్నాను. ఆ గొలుసు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. కానీ అది ఊగి ఊగి తలుపు చెక్క మీద అరగదీసిన గీత, చిన్నప్పుడు నేను వేలు పెట్టి ఆడుకున్న అర్ధచంద్రం లాంటి గీత, చెక్కతోపాటే పోయింది. గొలుసును పట్టి ఉంచిన మేకులు కూడా పోయాయి. ఇది ఎప్పటిదని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు ఏ ఆధారమూ లేదు.

ఇలాంటి వస్తువును ఉన్నచోట ఉండగా చూస్తేనే దాని వయసు తెలుస్తుందని నాకు అప్పుడు అర్థమైంది. అందుకే ఇది కొనేవాళ్ళ కోసం రాయడం లేదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట గల్లీల్లోనో, జనగామ, కరీంనగర్, జగిత్యాల, మంథని లాంటి పాత ఊళ్ళలోనో నడుస్తూ చూడాలనుకునే మీ కోసం రాస్తున్నాను. పాత ఇళ్ళు చాలా వేగంగా పోతున్నాయి. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోకండి, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

పొద్దున ఏడింటికల్లా గల్లీలో ఉండండి. ఆ టైములో ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఇనుము మీద పోత అక్షరాలు, సుత్తి దెబ్బలు, తుప్పు కింద దాగిన అంకెలు నీడలతో పైకి తేలుతాయి. మిట్టమధ్యాహ్నం అదే కమ్మీ చదునుగా, ఏమీ లేనట్టు కనిపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. పాత దుకాణాల చెక్క తలుపులు మూసి ఉన్నప్పుడే పూర్తిగా కనిపిస్తాయి. తెరిచాక బస్తాలు, బోర్డులు అడ్డం వస్తాయి.

సంచిలో చిన్న అయస్కాంతం, కొలిచే టేపు, టార్చి, మెత్తని నూలు గుడ్డ, పల్చని తెల్ల కాగితాలు, మెత్తని పెన్సిల్, నోట్‌బుక్ ఉంటే చాలు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతమైనా పనిచేస్తుంది. దానికి గుడ్డ చుట్టి వాడండి, లేకపోతే ఇత్తడి మీద గీతలు పడతాయి. సుత్తి, స్క్రూడ్రైవర్ మాత్రం తీసుకెళ్ళకండి. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న కొత్త మనిషిని ఏ ఇంటివాళ్ళూ అరుగు ఎక్కనివ్వరు, అది న్యాయమే.

వరంగల్లో మొదలుపెట్టేవాళ్ళకు మట్టెవాడ, గిర్మాజీపేట, మండీబజార్, స్టేషన్ రోడ్డు మంచివి. హనుమకొండలో వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల లోపలి గల్లీలు, కుమార్‌పల్లి చూడండి. రైల్వే సామాను కోసం కాజీపేట వెళ్ళాలి. ఒక పొద్దున ఒకటే గల్లీ పెట్టుకోండి. ఐదు గల్లీలు తిరిగితే ఫోన్ నిండా ఫోటోలు ఉంటాయి గానీ ఏది ఎక్కడిదో మర్నాటికి గుర్తుండదు.

తల పైకెత్తి నడవండి

కింది అంతస్తు ఎప్పుడో షట్టర్లు, టైల్స్, ఫ్లెక్సీలుగా మారిపోయి ఉంటుంది. పై అంతస్తుకు ఎవరూ ఖర్చు పెట్టరు కాబట్టి పాత సరుకు అక్కడ మిగులుతుంది. బాల్కనీ కమ్మీలు, చూరు కింద ఆనించిన ఇనుప బ్రాకెట్లు, వెంటిలేటర్ చువ్వలు, కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా పట్టే చిన్న కొక్కెం చూడండి. తర్వాత ఇంటి వెనక సందులోకి వెళ్ళండి. ముందు తలుపు మార్చినా వెనక దొడ్డి తలుపు మార్చని ఇళ్ళు చాలా ఉన్నాయి. ముందు తలుపుకు ఉండాల్సిన మంచి గొళ్ళెం వెనక తలుపుకు బిగించి కనిపించడం కూడా మామూలే. పాత సామాను ఇంట్లోనే చోటు మారుతూ ఉంటుందన్నమాట.

దర్వాజ దగ్గర ఎక్కువసేపు ఆగండి

పాత ఇంటిని చదవాలంటే దర్వాజ కంటే మంచి చోటు లేదు. గోడకు సున్నం మారుతుంది, కప్పుకు పెంకు మారుతుంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, మామిడాకులు కట్టే దర్వాజను మాత్రం చాలా ఇళ్ళలో గోడలు మార్చినా అలాగే నిలబెట్టుకున్నారు.

మొదట తలుపు రెక్క దేని మీద తిరుగుతోందో చూడండి. బాగా పాత పద్ధతిలో మడతబందులు ఉండవు. రెక్కకు పైనా కిందా చెక్కలోనే గుండ్రని మొన తీస్తారు. కింది మొన కడపలోని గుంటలో, పై మొన దర్వాజ పై చెక్కలోని రంధ్రంలో తిరుగుతాయి. మొన అరిగిపోకుండా దానికి ఇనుప తొడుగు వేస్తారు. తలుపు తెరిచినప్పుడు కిర్రుమని చప్పుడు గోడ మూల నుంచి వస్తే అక్కడికి టార్చి వేసి చూడండి. వరంగల్ కోట ద్వారాల దగ్గర రాతిలోనే తొలిచిన ఇలాంటి గుంటలు చూస్తే అదే పద్ధతి పెద్ద ఎత్తున ఎలా ఉండేదో తెలుస్తుంది. ఫ్యాక్టరీ మడతబందులు అందుబాటులోకి వచ్చాక ఈ మొనలు తగ్గిపోయాయి. మొన గుంట ఉండి, పక్కనే మడతబందులు కూడా ఉంటే ఆ తలుపును ఒకసారి మరమ్మతు చేశారని రాసుకోండి.

రెండోది గొలుసు. మన ఇళ్ళలో తలుపు బయటి గొలుసు ఎక్కువగా పైన, పెద్దవాళ్ళ చేతికి అందే ఎత్తులో ఉంటుంది. దాని కొండి దర్వాజ పై చెక్కకు దిగి ఉంటుంది. గొలుసు లంకెలను ఒక్కొక్కటిగా చూడండి. కమ్మరి కొట్టిన లంకెలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండవు. ఒకటి కొంచెం పొడవు, ఒకటి కొంచెం లావు ఉంటాయి. రెండు కొనలు కాల్చి కలిపిన చోట చిన్న ఉబ్బు తెలుస్తుంది. లంకెలు ఒకదానికొకటి రాసుకునే లోపలి వంపులో అరుగుదల ఉండాలి. వందేళ్ళు ఊగిన గొలుసులో ఆ చోట ఇనుము బాగా సన్నబడి ఉంటుంది. ఇక గొలుసు వేలాడే దారిలో చెక్క మీద పడిన గీత. మా ఇంట్లో పోయింది అదే. ఏ దుకాణంవాడూ ఆ గీతను నకలు చేయలేడు, ఎందుకంటే అది నున్నగా, ఒక వైపు లోతుగా, ఇంకో వైపు తేలికగా ఉంటుంది. మనుషులు గొలుసును ఎటు వదిలేవారో అటే లోతు.

మూడోది ఇత్తడి గుబ్బలు, పువ్వులు, కడియాలు. అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. అంటుకోకపోతే అది ఇత్తడే అని తేల్చేయకండి, జస్తా (జింకు) మిశ్రమాలకు కూడా అయస్కాంతం అంటుకోదు. వెనక వైపు కనిపించే వీలుంటే చూడండి. ఇసుక అచ్చులో పోత పోసిన ఇత్తడికి వెనక గరుకుగా, ఇసుక రేణువుల ముద్రతో ఉంటుంది, అంచుల్లో ఆకురాయి గీతలు కనిపిస్తాయి. రేకును లోపలి నుంచి కొట్టి ఉబ్బించిన పని అయితే వెనక బోలుగా, చిన్న చిన్న దెబ్బల గుంటలతో ఉంటుంది. ఆ రేకు పనికి మన జనగామ దగ్గరి పెంబర్తి పేరు పొందింది, దానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుడి తలుపుల మీద, దేవుడి వాహనాల మీద ఆ చేతిపనిని ఒకసారి చూసిపెట్టుకుంటే పోతకూ కొట్టుడు పనికీ తేడా మీ కంటికి పట్టేస్తుంది.

గడీలు, అంటే దొరల కోటల్లాంటి ఇళ్ళు, ఉన్న ఊళ్ళకు వెళ్తే పెద్ద దర్వాజలో కోసిన చిన్న దిడ్డి దర్వాజ చూడండి. పెద్ద రెక్కలకు అడ్డంగా ఇనుప పట్టీలు, వాటి మీద వరసగా మొనదేలిన గుబ్బలు ఉంటాయి. చాలా గడీలు పాడుబడ్డాయి. కామారెడ్డి జిల్లా దోమకొండ గడీని మాత్రం శ్రద్ధగా బాగుచేశారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి గుర్తింపు దక్కింది. బాగుచేసిన చోట పాత ముక్క ఏది, కొత్త ముక్క ఏది అని వెతకడం కంటికి మంచి సాధన.

మేకును నమ్మండి

వస్తువు కంటే దాన్ని పట్టి ఉంచిన మేకును ముందు చూడమని నేను అందరికీ చెబుతాను. పాత గొళ్ళేన్ని కొత్త తలుపుకు బిగించవచ్చు, కొత్త గొళ్ళేన్ని పాత తలుపుకు బిగించవచ్చు. ఏ పని ఎప్పుడు జరిగిందో మేకు బయటపెడుతుంది.

కమ్మరి చేతి మేకు నలుపలకలుగా ఉండి మొన వైపు సన్నబడుతూ పోతుంది. తల మీద నాలుగైదు సుత్తి దెబ్బల పలకలు కనిపిస్తాయి, గుండ్రంగా ఉండదు. ఫ్యాక్టరీ తీగ మేకుకు ఒళ్ళంతా ఒకే లావు, తల చదునైన బిళ్ళ. పాత తలుపులకు మేకు అవతలి వైపు బయటికి వచ్చేలా కొట్టి, మొనను వంచి చెక్కలోకి దిగ్గొట్టేవారు. తలుపు లోపలి వైపు ఆ వంపులు వరసగా కనిపిస్తే అది మంచి గుర్తు.

స్క్రూ అయితే తల చూడండి. ఒకే అడ్డ గాడి ఉన్న స్క్రూ పాతదీ కావచ్చు, నిన్నటిదీ కావచ్చు. నక్షత్రం గాడి స్క్రూ మాత్రం 1930లలో అమెరికాలో బయల్దేరింది, మన వడ్రంగుల చేతికి వచ్చింది ఇంకా చాలా తర్వాత. కాబట్టి నక్షత్రం గాడి కనిపిస్తే ఆ బిగింపు ఇటీవలిది. వస్తువు పాతదే కావచ్చు, ఎక్కడి నుంచో తెచ్చి పెట్టారేమో అడగండి.

ఒక మాట ఇనుము గురించి. ఉత్తర తెలంగాణ ఇనుముకు కొత్త కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. చాలా ఊళ్ళ శివార్లలో ఇనుము కరిగించిన చిట్టెం దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే ఇక్కడి పాత ఇళ్ళలో మొరటుగా కనిపించే మేకును చిన్నచూపు చూడకండి. విదేశీ కంపెనీ ముద్ర ఉన్న కమ్మీ కంటే ఆ మేకే నాకు ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది.

పోత ఇనుమా, కొట్టిన ఇనుమా, వెల్డింగా

బాల్కనీ కమ్మీల దగ్గర ఈ మూడింటినీ వేరు చేయడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. పోత ఇనుములో పువ్వులు, ఆకులు, ఈటె మొనలు ఒకేలా మళ్ళీ మళ్ళీ వస్తాయి. పక్కల నుంచి చూస్తే రెండు అచ్చులు కలిసిన సన్నని గీత పొడుగునా పోతుంది. విరిగిన చోట బూడిద రంగులో, ఉప్పు గల్లులా రవ్వరవ్వగా ఉంటుంది. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. కాబట్టి వంగిన పువ్వు కనిపిస్తే అది పోత కాదు. కొలిమిలో కొట్టిన పాత ఇనుము తుప్పు పట్టినప్పుడు చెక్క నారలా పొరలు పొరలుగా లేస్తుంది. చువ్వలు పట్టీని దాటే చోట రంధ్రం పొడిచి దూర్చి ఉంటారు, లేదా గుండ్రని తల ఉన్న రివెట్టు కొట్టి ఉంటారు. వెల్డింగ్ కమ్మీలో ఆ రెండూ ఉండవు, కలిసిన చోట కరిగి గడ్డకట్టిన మైనంలా ఒక ముద్ద ఉంటుంది. మన ఊళ్ళలో వెల్డింగ్ దుకాణాలు విస్తరించింది స్వాతంత్ర్యం తర్వాతే. పాత కమ్మీకి మధ్యలో ఒక చోట మాత్రమే వెల్డింగ్ ముద్ద ఉంటే అది మరమ్మతు.

పోత కమ్మీల కింది పట్టీ మీద, స్తంభం మొదట్లో అక్షరాల కోసం వెతకండి. రంగు పొరలు ఎక్కువ ఉంటే కంటికి తెలియదు. పల్చని కాగితం ఆనించి పెన్సిల్‌ను అడ్డంగా మెల్లగా రుద్దండి, అక్షరాలు లేచి వస్తాయి. గ్లాస్గోలోని వాల్టర్ మక్‌ఫార్లేన్ కంపెనీ తన సారాసెన్ ఫౌండ్రీలో పోసిన కమ్మీలు, స్తంభాలు, బ్రాకెట్లు కేటలాగ్ నంబర్ల ప్రకారం అమ్మేది, అవి మన దేశంలో చాలా ఊళ్ళకు వచ్చాయి. వాటిని చూసి మన ఫౌండ్రీలు నకళ్ళు పోశాయి. నకలును టేపుతో పట్టుకోవచ్చు. పాత ముక్కనే అచ్చుగా పెట్టి పోస్తే పోత ఇనుము చల్లారేటప్పుడు నూటికి ఒక వంతు దాకా కుంచించుకుపోతుంది. అందుకే నకలు కొంచెం చిన్నగా, ఆకుల ఈనెలు అలుక్కుపోయినట్టుగా ఉంటుంది. అలాంటి నకలు కూడా ఇప్పుడు పాతదే, దాన్ని తక్కువ చేయకండి. ఏది ఏదో రాసుకుంటే చాలు.

కప్పు కింద రైలు పట్టాలు

లోపలికి రానిస్తే కప్పు చూడండి. కొన్ని ఇళ్ళలో, గోదాముల్లో ఇనుప దూలాల మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు కట్టి ఉంటాయి. ఆ దూలాల పక్క భాగం మీద కంపెనీ పేరు పొడుచుకొచ్చిన అక్షరాల్లో ఉంటుంది. ఇంగ్లండ్‌కు చెందిన డార్మన్ లాంగ్ పేరు దేశమంతా కనిపిస్తుంది. టాటా పేరుంటే అది 1912 తర్వాతదే, జంషెడ్‌పూర్‌లో ఉక్కు రావడం మొదలైంది ఆ సంవత్సరమే.

దూలం బదులు రైలు పట్టా ఉంటే ఇంకా మంచిది. పట్టా నడుము మీద తయారీదారు పేరు, సంవత్సరం, ఒక్కోసారి రైల్వే పొడి అక్షరాలు ఉంటాయి. ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉంటే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1930లో ఆ కంపెనీని సంస్థానం తీసేసుకుంది, అప్పటి నుంచి అది నిజాం స్టేట్ రైల్వే, అంటే ఎన్.ఎస్.ఆర్. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. మధ్యలో ఒక్క అక్షరం ఉందా పోయిందా అన్న దాన్నిబట్టే కాలం ఏదో తెలిసిపోతుంది. పట్టాలతో పాటు హద్దు రాళ్ళ మీద, పాత గేట్ల మీద కూడా ఈ అక్షరాలు వెతకండి. రైల్వే జాగాలోకి మాత్రం అనుమతి లేకుండా వెళ్ళకండి, బయటి రోడ్డు నుంచి చూస్తే చాలు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పట్టా మీద 1887 అని ఉంటే ఇల్లు 1887 నాటిదని రాసేస్తారు. పట్టా ముందు రైలు కింద పనిచేసి, అరిగి, పాత ఇనుముగా అమ్ముడుపోయాకే ఇంటికి వస్తుంది. ఇల్లు కచ్చితంగా అంతకంటే తర్వాతది, నలభై ఏళ్ళు తర్వాతది కూడా కావచ్చు. ఏ కట్టడంలోనైనా మరమ్మతులు తీసేశాక మిగిలినవాటిలో అన్నిటికంటే కొత్త ముక్క ఏదో దాన్నిబట్టే కాలం లెక్కించండి. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దాకా 1889 కల్లా రైలు వచ్చింది. అంతకు ముందు బరువైన ఇనుప దూలం ఇక్కడికి ఎడ్లబండి మీద రావాలి. దాన్నిబట్టి కూడా ఆలోచించండి.

అంకెలు, పొడి అక్షరాలు

నిజాం కాలపు పలకల మీద ఉర్దూ అంకెలు ఉంటాయి. కొన్ని సులువు. నిలువు గీత ఒకటి, చుక్క సున్న. రెండు గీతలు కింద కలిస్తే ఏడు, పైన కలిస్తే ఎనిమిది. తలకిందులైన హృదయం ఆకారం ఐదు. రెండు, మూడు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ఫోటో తీసి ఉర్దూ చదివినవాళ్ళకు చూపించండి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి.

సంవత్సరం చదివాక అది ఫసలీయా (సర్కారు రెవెన్యూ లెక్కల సంవత్సరం), హిజ్రీయా (ముస్లింల సంవత్సరం) తేల్చుకోవాలి. మన దగ్గర ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. హిజ్రీ చాంద్రమానం కాబట్టి 0.97తో గుణించి 622 కలపాలి. 1334 అని ఉందనుకోండి. ఫసలీ అయితే 1924, హిజ్రీ అయితే 1915 చివర. తొమ్మిదేళ్ళ తేడా. సర్కారీ పలకల మీద, రెవెన్యూ సంబంధమైన వాటి మీద ఫసలీ ఎక్కువ. మసీదు, దర్గా పలకల మీద హిజ్రీ ఎక్కువ.

ఇంగ్లిష్‌లో హెచ్.ఇ.హెచ్. (హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్) అనే మూడు అక్షరాలు కనిపిస్తే అది 1918 తర్వాతది, ఏడో నిజాంకు ఆ బిరుదు వచ్చింది ఆ ఏడాదే. అంతకు ముందు హెచ్.హెచ్. (హిజ్ హైనెస్) మాత్రమే. రోడ్డు పక్క రాయి మీద దూరం మైళ్ళలో ఉంటే అది మన దేశానికి మెట్రిక్ కొలతలు రాకముందుది. ఆ మార్పు 1950ల చివర్లో మొదలైంది.

వీధిలో ఏమేం ఉంటాయి

కరెంటు రాకముందు వీధి దీపాలు కిరోసిన్‌వి. మనిషి నిచ్చెన వేసుకుని సాయంత్రం వెలిగించేవాడు. పాత దీపస్తంభానికి పైన, లాంతరు కింద నిచ్చెన ఆనించడానికి ఒక అడ్డకమ్మి ఉంటుంది. స్తంభం పొట్టిగా ఉండి, ఆ అడ్డకమ్మి ఉంటే, దాని మీద ఇవాళ ఎల్ఈడీ బల్బు వెలుగుతున్నా అది ఒకప్పుడు నూనె దీపం మోసినదే. గోడల మూలల్లో, గల్లీ మలుపుల్లో మెలి తిరిగిన ఇనుప కొక్కెం ఒంటరిగా మిగిలి ఉంటే అది కూడా లాంతరు కొక్కెం కావచ్చు. ఎత్తు కొలవండి. చేయెత్తితే అందేది దీపానికి కాకపోవచ్చు, తూకానికో, పంజరానికో కొట్టి ఉంటారు.

ఇంటి ముఖం మీద తెల్ల పింగాణీ బుడిపెలు ఇనుప బ్రాకెట్‌కు బిగించి ఉంటే అవి తొలినాళ్ళ కరెంటు తీగలవి. లోపల చెక్క పట్టీల్లో నడిపిన తీగలు, గుండ్రని చెక్క దిమ్మ మీద ఇత్తడి మూత ఉన్న స్విచ్చి కనిపిస్తే ఫోటో తీయండి, ముట్టుకోకండి. కొన్నింట్లో ఇంకా కరెంటు పారుతూ ఉంటుంది.

చేదబావి ఉంటే గిరక చూడండి. చెక్క గిరకా, పోత ఇనుప గిరకా, ఇరుసు దగ్గర పేరు ఉందా. అంతకంటే ముందు బావి ఒరను చూడండి. తాడు రాసుకుని రాతిలో పడిన గాళ్ళు లోతుగా ఉంటాయి, నాకు వాటిలో వేలు పెట్టకుండా రావడం చేతకాదు. మ్యాన్‌హోల్ మూతలు, వాల్వు మూతలు, గోడలోకి దిగిన తపాలా డబ్బాలు దొరికితే అదృష్టం. నిజాం సంస్థానానికి సొంత తపాలా శాఖ ఉండేది కాబట్టి ఎర్ర రంగు పొరల కింద ఉర్దూ అక్షరాలు ఉన్నాయేమో వేళ్ళతో తడిమి చూడండి. ఇంటి నంబర్ల ఎనామిల్ బిళ్ళలు చిన్నవే గానీ చాలా ఉపయోగం, అంచుల్లో పెచ్చు ఊడిన చోట లోపలి ఇనుము నల్లగా కనిపిస్తే అవి అసలైనవి.

కొత్తదాన్ని పాతదని చెబితే

ఒకసారి నేను ఒక దుకాణంలో వందేళ్ళ నాటి తాళంకప్పు అని చెబితే కొన్నాను. పచ్చగా చిలుము పట్టి, చూడగానే చాలా పాతదిలా ఉంది. ఇంటికి తెచ్చి టార్చి వేసి చూస్తే తాళంచెవి దూరే రంధ్రం అంచులు పదునుగా, అసలు అరుగుదలే లేకుండా ఉన్నాయి. చిలుము మాత్రం అన్ని మూలలకూ సమానంగా పట్టి ఉంది. యాసిడ్‌తో పట్టించిన చిలుము అలాగే ఉంటుంది. నిజమైన చిలుము చెయ్యి తగలని సందుల్లో చేరుతుంది, చెయ్యి తగిలే చోట లోహం నున్నగా మెరుస్తుంది. అప్పటి నుంచి ఏది చూసినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీన్ని వాడిన చెయ్యి ఎక్కడ పడేది? అక్కడ అరుగుదల లేకపోతే నేను నమ్మను. కడియం అయితే అది తలుపును కొట్టే చోట గుంట ఉండాలి. గడియ అయితే అది జారే దారిలో నిగారింపు ఉండాలి.

ఇంటివాళ్ళతో మాట్లాడటం

అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ముందు నమస్తే పెట్టి, మీరు ఏ ఊరు, ఎవరి బిడ్డ అన్నది చెప్పాకే ఫోన్ బయటికి తీయండి. "ఇది ఎన్నేళ్ళది?" అని అడిగితే అందరూ "వందేళ్ళుంటది" అంటారు. అలా అడగకండి. సంఘటనతో ముడిపెట్టి అడగండి. "పెద్దమ్మా, మీరు కాపురానికి వచ్చినప్పుడు ఈ గొలుసు ఉండెనా?" "తాతా, ఆజంజాహీ మిల్లు పెట్టినప్పటికే ఈ మేడ ఉందా?" ఆ బట్టల మిల్లు 1934లో మొదలైంది, వరంగల్లో పెద్దవాళ్ళకు అది గట్టి గుర్తు. "రజాకార్ల జమానాల ఈ తలుపు ఉన్నదా?" అంటే 1947, 48 సంవత్సరాలు తేలిపోతాయి.

మట్టెవాడలో ఒక పెద్దమ్మ నాకు చెప్పిన మాట నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను. "గది మా అత్త కాపురానికొచ్చిన్నాడే ఉండె బిడ్డా. కిందుంటె పోరగాళ్ళు ఊగుతున్నరని మా మామ పీకిచ్చి పైన కొట్టిచ్చిండు." తలుపు కింది భాగంలో ఉన్న నాలుగు పాత మేకు రంధ్రాలు అప్పటిదాకా నాకు అర్థం కాలేదు.

తీసుకురాకండి, పోతుంటే కాపాడండి

వరంగల్ కోట, గుళ్ళు, బురుజులు రక్షిత కట్టడాలు. అక్కడ రాలిపడిన ముక్క అయినా ముట్టుకోకూడదు. ఇళ్ళ సంగతికి వస్తే, 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, మామూలు మనుషులు వాటిని దేశం దాటించకూడదు.

తెలిసినవాళ్ళ ఇల్లు కూలగొడుతున్నారంటే మాత్రం ముందే వెళ్ళండి. దర్వాజను ఊడదీయకముందు ముందు, వెనక, పక్క నుంచి టేపు పక్కన పెట్టి ఫోటోలు తీయండి. చాక్‌పీస్‌తో ముక్కలకు నంబర్లు వేయండి. చెక్కను, లోహాన్ని విడదీయవద్దని ఇంటివాళ్ళను బతిమాలండి. కొత్త ఇంట్లో పూజగది దర్వాజగా అదే పెట్టుకోమని చెబితే చాలామంది ఒప్పుకుంటారు, నేను ఇలా రెండు దర్వాజలు నిలబెట్టించగలిగాను. పెద్ద గడీయో, అరుదైన కట్టడమో అయితే రాష్ట్ర వారసత్వ శాఖకు, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్ళకు ఒక ఉత్తరం రాయండి.

ఇత్తడిని చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది గానీ వందేళ్ళ ఆనవాలు పోతుంది. పొడి గుడ్డతో తుడిచి వదిలేయండి. ఇనుముకు తుప్పు పొడిని మెత్తని బ్రష్‌తో దులిపి, పల్చగా నూనె రాస్తే చాలు. గ్రైండర్ పెట్టించారంటే సుత్తి దెబ్బలన్నీ పోతాయి.

నోట్‌బుక్‌లో ఎలా రాయాలి

ప్రతి వస్తువుకు ఒక పేజీ ఇవ్వండి. ఇల్లు ఎవరిదో బయటికి తెలిసేలా పేరు, ఇంటి నంబరు రాయకండి, దొంగలకు దారి చూపినట్టవుతుంది. గల్లీ పేరు చాలు. చూసింది వేరుగా, విన్నది వేరుగా, మీరు అనుకున్నది వేరుగా రాయండి. నా పేజీ ఒకటి ఇలా ఉంది:

"మట్టెవాడ. తలుపు బయటి గొలుసు, ఇనుము, ఏడు లంకెలు, పొడవు 14 అంగుళాలు. మూడో లంకె తర్వాత వేసింది, మిగతావాటికంటే లావు. కొండి మేకులు నలుపలకలవి, లోపలి వైపు వంచి కొట్టారు. చెక్క మీద గీత కుడివైపు లోతు. కింద నాలుగు పాత రంధ్రాలు. విన్నది: అత్త కాపురానికి వచ్చినప్పటికే ఉంది, మామ పైకి మార్పించాడు. నా అంచనా: 1930కి ముందు. మళ్ళీ వెళ్ళి మొన గుంట చూడాలి, ఆ రోజు కడప మీద ముగ్గు ఆరలేదు."